బంకతో అతికిన బిళ్ళ

జూన్ 4

బావగారికి,

నమస్కారం లేకుండా మొదలుపెడుతున్నాను. మీకు నమస్కారం పెట్టడం మానేసి ఆరేళ్ళయింది. ఎందుకో తెలియదంటే నేను నమ్మను.

ఆసుపత్రి వరండా గుర్తుందా? మన మనవరాలు పిచ్చుకకి అప్పుడు రెండేళ్ళు. కుడి మోకాలు ఉల్లిగడ్డలా వాచింది. పసిపిల్లలకి కీళ్ళవాతం వస్తుందని ఆ రోజే మొదటిసారి విన్నాం. ఆసుపత్రి డాక్టరు తాతలిద్దర్నీ పిలిచి, "మీ కుటుంబాల్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా?" అని అడిగాడు. ఆ ఎండలో కూడా మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన చొక్కా వేసుకుని, మీరు గొంతు సవరించుకున్నారు. "మా వైపు ఏడు తరాల్లో లేదండీ" అన్నారు. అని నా వైపు చూశారు.

మాట అంటే మాటకి మాట చెప్పేవాణ్ణి. చూపుకి ఏం చెప్పను? మీరు చూశారని డాక్టరు చూశాడు, డాక్టరు చూశాడని నర్సు చూసింది. స్టూలు మీద కూర్చున్న ఆసుపత్రి వాచ్‌మన్ కూడా చూశాడని నా అనుమానం. ఆ రోజు నుంచి నేను మీ ఇంటి గడప తొక్కలేదు. మా వాడు, మీ అమ్మాయి, పండక్కో పబ్బానికో వాళ్ళింట్లో కలిపితే గోడవైపు కూర్చుని తిని వచ్చాను. చెల్లెమ్మ వడ్డించింది కాబట్టి తిన్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేను బడిలో చేరాను. నవ్వకండి. కాలేజీలో రిటైరైనవాళ్ళకి ప్రతి శనివారం పొద్దున పాఠాలు పెట్టారు. బొమ్మలు, పాటలు, మొక్కలు, ఇంకా చాలా ఉన్నాయి. పాటల్లో చేరమని మా ఆవిడ పోరింది. నేను గొంతెత్తితే గుమాస్తాయే కాగితం వెనక్కి లాక్కున్నాడు. నేను చేరింది "వంశంలో వచ్చే లక్షణాలు, జబ్బులు" అనే దాంట్లో. పన్నెండు వారాలు. దరఖాస్తు నా చేత్తో నేనే నింపాను. అరగంట పట్టింది, ఒక పెన్ను విరిగింది.

నా చదువు రెండో తరగతి అని మీకు తెలుసు. మాస్టారు బెత్తం ఎత్తితే పలక ఆయన బల్ల మీద విసిరికొట్టి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ బయటికొచ్చినవాణ్ణి. అలాంటివాణ్ణి అరవై ఏళ్ళ తరవాత మళ్ళీ బెంచీ ఎక్కానంటే మీ ఏడు తరాల సంగతి తేల్చడానికే. ఫోను చెయ్యను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తారు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేరు.

ఆ చూపు మరిచిపోని,
మీ అల్లుడి తండ్రి

*

జూన్ 10

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

ఉభయకుశలోపరి. తమరి ఉత్తరం చేరింది. దాన్ని ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను, ఏమీ అనుకోవద్దు. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు దస్తావేజులు సరిచూసిన చెయ్యి. తప్పు కనబడితే ఎర్ర సిరా దానంతటదే దిగుతుంది. మొత్తం ముప్పై ఒక్క తప్పులు. "ఆసుపత్రి" మూడుసార్లు మూడు రకాలుగా రాశారు. అందులో ఒకటి కరెక్టు కాబట్టి మెచ్చుకుంటున్నాను.

ఇక విషయం. "మా వైపు లేదు" అన్నాను. "మీ వైపు ఉంది" అనలేదు. ఈ రెండూ రెండు వేరువేరు కాగితాలు. చూపు అంటారా, చూపుకి సాక్షి సంతకం ఎక్కడుంది? నేను మీ వెనక గోడ మీదున్న గడియారం చూసి ఉండవచ్చు.

తమరు చదువుకుంటున్నారంటే నాకు సంతోషమే. ఈ వయసులో బుద్ధి కలిగినా కలిగినట్టే.

పొడుగు చేతుల చొక్కా గురించి రాశారు. అది నా అలవాటు. ఆఫీసు క్రమశిక్షణ. దాని జోలికి రావద్దు.

ఇట్లు
తమ విధేయుడు,
వియ్యంకుడు

*

జూన్ 18

బావగారికి,

మీ ఎర్ర సిరా చూసి మా ఆవిడ, "అయ్యో, ఆయనకి ముక్కులోంచి రక్తం పడ్డట్టుంది" అని కంగారుపడింది. దిద్దిన చోట నేను మళ్ళీ చూడలేదు. నా తప్పులు నావి.

రుజువు దొరికింది. నిలబడి ఉంటే కూర్చోండి.

మా పంతులమ్మకి పాతికేళ్ళుంటాయి. మమ్మల్ని "బాబాయిగారూ, పిన్నిగారూ" అంటుంది కానీ హోమ్‌వర్కు చెయ్యకపోతే వదలదు. ముందు బెంచీలో రిటైరైన నర్సమ్మ. పంతులమ్మ నోరు తెరిచేలోగా జవాబు చెప్పేస్తుంది. నా పక్కన రిటైరైన బస్సు కండక్టరు. ఎవరు గదిలోకి వచ్చినా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటాడు. బెంచీలు పొట్టివి. ఎవడు చేశాడో గాని నా దగ్గర పనిచేసుంటే చెవి మెలేసేవాణ్ణి.

రెండో వారం పంతులమ్మ ఏం చెప్పిందో తెలుసా? బిడ్డ పోలికల్లో, గుణాల్లో, జబ్బుల మొగ్గులో "సగం తల్లి నుంచే వస్తుంది" అంది. బోర్డు మీద రాసింది కూడా. తల్లి అంటే ఎవరు? మీ అమ్మాయి. మీ అమ్మాయి ఎవరి పిల్ల? నేను చెప్పక్కర్లేదు.

హోమ్‌వర్కుకి కుటుంబ పటం గీయమంది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బున్నవాళ్ళకి నలుపు. కాగితం మీద గీత గీస్తే నాకు పాములా పోతుంది. అందుకని పటం చెక్కతో చేశాను. నలభై ఏళ్ళు తలుపులు కిటికీలు చేసినవాడికి ఇదెంత? రెండడుగుల టేకు పలక. మనిషికో గుంట, గుంటకో బిళ్ళ. ప్రతి బిళ్ళకీ ఒక ముఖం తెలుపు, ఒక ముఖం నలుపు. తీసి తిప్పి పెట్టుకోవచ్చు. మా వైపు అందరూ తెలుపు. మీ వైపు వాళ్ళని నేను సరిగ్గా ఎరగను కాబట్టి అనుమానం మీద అందర్నీ నలుపుకి తిప్పాను. నడుమ మీ అమ్మాయి గుండ్రం బిళ్ళ. రెండు కుటుంబాలూ అక్కడే కలుస్తాయి కదా, కదలకూడదని దాన్ని మాత్రం బంక పెట్టి బిగించాను. నేను బిగించింది ఊడదు.

పలకని బస్సు పార్శిల్లో పంపుతున్నాను. చూసుకుని తిప్పి పంపండి. హోమ్‌వర్కు చూపించాలి.

గెలిచిన,
వడ్రంగి

*

జూన్ 27

పూజ్యులైన బావగారికి,

పలక చేరింది. పనితనానికి వంక పెట్టలేను. మా ఆవిడ అదేదో ఆట అనుకుని పక్కింటి పెద్దావిడతో కూర్చుని రెండు ఆటలు ఆడింది. రెండూ తనే గెలిచానంటోంది. నియమాలేమిటని అడిగితే చెప్పదు.

ఆ తరవాత నేను చూశాను. తొంభై ఏళ్ళ దాకా బావిలో నీళ్ళు తోడిన మా నాయనమ్మ నలుపు! సైకిల్ మీద తప్ప నేల మీద కనబడని మా బాబాయి నలుపు! నేను నలుపు! అనుమానం మీద దస్తావేజు రాస్తే జైల్లో వేస్తారు బావగారూ.

కాబట్టి మా వైపు అందర్నీ తెలుపుకి తిప్పాను. సమన్యాయం కోసం మీ వైపు అందర్నీ నలుపుకి తిప్పాను. మా అమ్మాయి బిళ్ళ మాత్రం గోటితో లాగాను, చెంచాతో లాగాను, మా ఆవిడ అట్లకాడ కూడా వంగిపోయింది. రాలేదు. అలాగే వదిలేశాను.

చిన్న సందేహం. సగం తల్లి నుంచి వస్తుందని మీ పంతులమ్మ చెప్పింది సరే. మిగతా సగం ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

ఈ వారం తమరు మా అల్లుడి ఇంట్లో తలుపుల పని మీద ఉంటారని తెలిసింది. పార్శిలు అక్కడికే పంపుతున్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
వియ్యంకుడు

*

జూలై 6

బావగారికి,

మిగతా సగం చెప్పేటప్పుడు నాకు కునుకు పట్టింది. ఇదిగో, ఒప్పుకున్నాను. నిన్న క్లాసులో లేచి "సగం తల్లి నుంచి, మరి మిగతాది?" అని అడిగాను. నర్సమ్మ వెనక్కి తిరిగి, "ఆ రోజు మీ గురక వెనకాల పంతులమ్మ చెప్పింది బాబూ, తండ్రి నుంచి అని" అంది. కండక్టరు ఇంకా నవ్వుతున్నాడు.

అది నవ్వులాట. ఇప్పుడు నవ్వులాట కానిది రాస్తున్నాను.

నేను వాళ్ళింటికి వెళ్ళింది తలుపుల పిడులు మార్చడానికి. పిచ్చుకకి ఇప్పుడు మణికట్లకి కూడా వచ్చింది. గుండ్రటి పిడి తిప్పలేక పొద్దున్నే బాత్రూమ్ తలుపు ముందు నిలబడి ఎవరైనా తెరుస్తారని ఎదురుచూస్తుందిట. పిలవదు. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత పౌరుషం. ఎవరి పోలికో మీరే చెప్పండి. గుండ్రటివి పీకేసి, మోచేత్తో నొక్కితే తెరుచుకునే పొడుగు పిడులు పెట్టాను. దాని పెన్సిల్‌కి బొటనవేలంత లావు చెక్క తొడుగు కూడా చేశాను.

నేను మూడో తలుపు దగ్గరుండగా పార్శిలు వచ్చింది. మీ అమ్మాయి విప్పింది. మీ వైపంతా తెలుపు, మా వైపంతా నలుపు. నడుమ తన బిళ్ళ నలుపు. నేను నలుపు చేసి బిగించాను, మీరు నలుపుగానే వదిలేశారు. పిచ్చుక తన లావు పెన్సిల్ పట్టుకుని పక్కనే నిలబడి, "అమ్మ ఎందుకు నల్లగా ఉంది తాతా?" అంది. "తెల్లరంగు అయిపోయిందమ్మా" అన్నాను. అరవై ఎనిమిదేళ్ళలో ఇంత చచ్చు అబద్ధం ఆడలేదు.

మీ అమ్మాయి అరవలేదు. అరిస్తే బాగుండేది. పలక గోడకి ఆనించి, "మామయ్యగారూ, ఆరేళ్ళనుంచి మీరూ మా నాన్నా ఒక్క మాట మీదకి రాలేదు. ఇందులో మాత్రం ఇద్దరూ కలిశారు" అంది. మా వాడితో మాత్రం చెప్పిందిట, ఇంకో బిడ్డ మాట ఎత్తొద్దని. "ఇంకో నల్ల బిళ్ళని నేను కనలేను" అందిట. పిల్లకి కాళ్ళు వాచిన రోజు నుంచి తనవల్లే అనుకుంటోందట. మనకెవరికీ తెలియదు. మనం వరండాలో చూపుల లెక్క చూసుకుంటున్నాం కదా.

పంతులమ్మకి ఇదంతా చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఈ జబ్బు ఒక్కరి నుంచి ఒక్క ముక్కగా రాదంది. రెండు వైపుల నుంచీ చిన్న చిన్న మొగ్గులు, బోలెడు, వచ్చి చేరతాయిట. అవన్నీ ఉన్నా చాలామంది పిల్లలకి అసలు రానే రాదుట. పైనుంచి ఇంకేదో తగలాలి, అదేమిటో పెద్ద డాక్టర్లకి కూడా పూర్తిగా తెలియదుట. నాకు అర్థమైంది. చెక్కలో చార ఒక వైపుకి ఒరిగి ఉంటుంది. అంతమాత్రాన పలక పగలదు. ఎండా వానా దెబ్బా ఏదో కలవాలి. "మరి తప్పెవరిది?" అన్నాను. "తప్పు అని మన పటంలో గడి లేదు బాబాయిగారూ" అంది.

ఈ నెల 26న పిల్లని కొత్త డాక్టరుకి చూపిస్తున్నారు. రెండు కుటుంబాల ఆరోగ్యం సంగతి మళ్ళీ అడుగుతారుట. మీ అమ్మాయితో మీరు మాట్లాడండి. తండ్రి మాటకి విలువ ఎక్కువ. మా వైపు చెప్పడానికేమీ లేదు, తెల్లగానే ఉన్నాం.

వడ్రంగి

*

జూలై 11

బావగారికి,

ఈ సారి మీ ఉత్తరం దిద్దలేదు. పెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను.

అమ్మాయికి ఫోను చేశాను. "పని ఉంది నాన్నా" అని పెట్టేసింది. రెండోసారి చేస్తే పిచ్చుక ఎత్తింది. అరగంట కబుర్లు చెప్పింది. కొత్త పిడులు మోచేత్తోనే కాదు, గడ్డంతో కూడా తెరుచుకుంటాయిట. పొద్దున్నే కాళ్ళు కొయ్యబారి ఉంటాయి కదా, ఎలా లేస్తున్నావమ్మా అని అడిగాను. "తాత చెప్పాడు" అంది. మీ గురించే. దుప్పటి తియ్యకుండా, దాని కిందే కాళ్ళని గడియారం లోలకంలా ఊపాలిట. నూరు లెక్కపెట్టాలిట. నూరు రాకపోతే ఇరవై ఐదు, నాలుగుసార్లు. మంచం దిగేటప్పుడు ముందు మడమ కాదు, పాదం పక్కవాటుగా ఆనించాలిట. "గోడ చల్లగా ఉంటే మోకాలు పెట్టకు, చెయ్యే పెట్టు" అన్నారుట. తాతకి ఎలా తెలుసు అంటే, "చిన్నప్పుడు ఒక కుర్రాడు చెప్పాడు" అన్నారుట.

బావగారూ, ముప్పై నాలుగేళ్ళు కాగితాలు సరిచూశాను. నాకు చదువు కన్నా ఒక్కటే బాగా వచ్చు. పుస్తకంలో పేజీ చింపేస్తే, కుట్టు దగ్గర చూసి చెప్పగలను.

పలక బల్ల మీద విసిరికొట్టారు. సరే. నడుచుకుంటూ బయటికొచ్చారు. ఈ కథ మా అమ్మాయి పెళ్ళి నుంచి ఇప్పటికి పదకొండుసార్లు విన్నాను.

నిజంగా నడిచారా?

మీ వియ్యంకుడు

*

జూలై 15

బావగారికి,

మీ ఉత్తరం రెండు రోజులు రంపాల పెట్టె కింద పెట్టాను. కనబడకపోతే మరిచిపోతానని. మా ఆవిడ తీసి టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆమెకి కూడా ఈ ఉత్తరం రాసే దాకా తెలియదు. నలభై నాలుగేళ్ళ కాపురం.

నడవలేదు.

పలక విసిరిన మాట నిజం. మాస్టారు నిలబడమన్నాడు, నేను నిలబడలేదు. పొగరనుకుని బెత్తం ఎత్తాడు. మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయి బెంచీ మీద నుంచి లేవలేకపోయాను. లేవలేనని నలభై మంది ముందు చెప్పడం కన్నా పలక విసరడం సులువనిపించింది. ఆ పైన మా అన్న వచ్చి వీపున మోసుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. నేను అన్న భుజం మీద నుంచి వెనక్కి చూస్తూనే ఉన్నాను. వెనక్కి చూడకుండా వచ్చానని చెప్పేది కూడా అబద్ధమే.

రెండేళ్ళు కిటికీ పక్క మంచంలో ఉన్నాను. ఒక రోజు వాపు, ఒక రోజు జ్వరం, ఒక రోజు ఏమీ లేదు. డాక్టరుకి చూపించారో లేదో నాకు గుర్తులేదు. ఏ పేరూ చెప్పలేదు. దుప్పటి కింద కాళ్ళు ఊపడం నాకెవరూ నేర్పలేదు. ఆ కుర్రాణ్ణి నేనే. తరవాత దానంతటదే తగ్గింది. అప్పటికి నాతోటివాళ్ళు నాలుగో తరగతిలో ఉన్నారు. నేను పసిపిల్లల మధ్య కూర్చోనన్నాను. ఎదురుగా వడ్రంగి కొట్టు ఉంటే అందులో చేరాను. నిలబడి చేసే పని. నిలబడగలిగినందుకే చేరాను.

డాక్టరు అడిగినప్పుడు చెబుదామనే నోరు తెరిచాను. మీరు ఏడు తరాలు తెచ్చారు. నా నోరు మూతపడింది. నేను ఒక్క తరం కూడా తేలేకపోతే చిన్నతనం అనుకున్నాను. ఆరేళ్ళు మీ చూపు మీద కోపం అన్నాను. ఆ కోపం నా మీదే.

మా వాడింటి నుంచి తెచ్చుకున్న చెక్క పలక నిన్న ముందేసుకున్నాను. నా చదరం నలుపు. నిజం నలుపు, అనుమానం నలుపు కాదు. అన్నది తెలుపు. మీ నాయనమ్మది, మీ బాబాయిది తెలుపు, వాళ్ళకి క్షమాపణ. మీ అమ్మాయి బిళ్ళకి ఉలి పెట్టాను. రాలేదు. నేను బిగించింది ఊడదని మీకు గొప్పగా రాశాను కదా, ఆ గొప్పే నాకు ఎదురుతిరిగింది. చివరికి బర్మాతో తొలిచి, ముక్కలు ముక్కలుగా తీశాను. కొత్తది చేశాను. రెండు ముఖాలూ తెలుపు. తిప్పినా తెలుపే. ఈ సారి బంక లేదు.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా చివరిదాకా చదవండి. మొన్న నర్సమ్మని అడిగాను. పిల్లల కీళ్ళవాతానికి చుట్టాలైన జబ్బులేమైనా ఉంటాయా అని. మోచేతుల మీద చర్మం పొలుసులు పొలుసులుగా రాలే జబ్బు ఒకటి ఉంటుందట, కుటుంబంలో అది ఉంటే డాక్టరుకి చెప్పాలట. ఒకటి వల్లే ఇంకొకటి వచ్చిందని కాదట. చెబితే మందు ఎంచుకోవడానికి పనికొస్తుందట, అంతే.

మా వాడి పెళ్ళిలో చేతులు కడుక్కోవడానికి మీరు చొక్కా పైకి మడిచారు. ఎవరూ లేరనుకున్నారు. నేను వెనక నిలబడి ఉన్నాను. మోచేతి మీద తెల్లటి పొట్టు. సబ్బు నురగ అనుకున్నాను. నురగైతే కడిగితే పోవాలి కదా. ఆఫీసు క్రమశిక్షణ అని రాశారు. రిటైరై తొమ్మిదేళ్ళయింది బావగారూ, ఇంకా ఏ ఆఫీసు? మీ పుస్తకంలో కూడా కుట్టు దగ్గర కాగితం చిరిగి ఉంది.

మీరు తిట్టుకున్నా సరే. నేను పలక విసిరాను, మీరు బొత్తాలు పెట్టుకున్నారు. ఇద్దరం ఒకే బడి వాళ్ళం.

మీ చదరం బిళ్ళ పలకలో పెట్టలేదు. ఈ కవరులోనే ఉంది, చూడండి. ఒక ముఖం తెలుపు, ఒక ముఖం నలుపు. ఏది పైకి పెట్టాలో నేను చెప్పను. అనుమానం మీద దస్తావేజు రాయకూడదని మీరే నేర్పారు. 26న పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రి వరండాలో ఉంటాను. అదే వరండా, అదే గోడ గడియారం. పలక నా చంకలో ఉంటుంది. నా సంగతి డాక్టరుకి చెప్పే ముందు మీ అమ్మాయికి చెబుతాను, పిచ్చుక వింటుండగా. మీరు మీ బిళ్ళ తెచ్చి, మీ చేత్తో గుంటలో పెట్టాలి. ఆమె చూడాలి. తన బిళ్ళ రెండు వైపులా తెలుపని, పక్కన మనం ఉన్నామని చూడాలి.

ఉత్తరంలో తప్పులుంటాయి. ఈ సారి దిద్ది పంపండి, చూస్తాను. "ఆసుపత్రి" మాత్రం అన్నిచోట్లా కరెక్టు. పిచ్చుక దాని లావు పెన్సిల్‌తో రాసి చూపించింది.

వస్తున్నారా, లేదా? సందేహాలు, సాక్షి సంతకాలు, రెండు కాగితాల వ్యవహారం వద్దు. ఒక్క మాట రాయండి. జూలై 22 సాయంత్రం టపాకి మీ జవాబు నా చేతిలో ఉండాలి. వచ్చేటప్పుడు పొట్టి చేతుల చొక్కా వేసుకుని రండి.

నమస్కారంతో,
మీ బావ